రెండు పుల్కాలు, అరగ్లాసు పాలు

గోధుమ, పాలు రెండూ మానేసి పద్నాలుగు నెలలు గడిపాను. మానడం తేలిగ్గానే జరిగిపోయింది, ఒక్క సాయంత్రంలో తేల్చేసుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో ఏం చేశానో, ఎక్కడ పొరపాటు పడ్డానో ఇక్కడ రాస్తున్నాను. ఎవరో చెప్పారని మానేసి, ఇప్పుడు మళ్ళీ నోట్లో పెట్టుకోవడానికి భయపడుతున్నవాళ్ళు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు. బయట ఇంకెంతమంది ఉన్నారో!

మాది విజయవాడ. నాకు నలభై మూడేళ్ళు. మా ఇంట్లో అందరం శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది, తర్వాత మీకే తెలుస్తుంది.

2023 ఆగస్టులో ఒక పెళ్ళికి వెళ్ళొచ్చాక ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా వారికీ, పాపకీ మూడు రోజుల్లో తగ్గింది. నాకు వారం దాటింది. తగ్గాక కూడా కడుపు మునుపటిలా లేదు. పొద్దున కాఫీ తాగిన గంటకల్లా గుడగుడ, రెండు మూడుసార్లు పరుగు. రాత్రి చపాతీ తింటే తెల్లారేదాకా ఉబ్బరం, చీర కుచ్చిళ్ళు వదులు చేసుకుంటే తప్ప కూర్చోలేకపోయేదాన్ని. నెల రోజులు ఓపిక పట్టాను. ఇంతలో నాకు వదిన వరసయ్యే ఆవిడ ఫోన్ చేసి, "పాలూ గోధుమా రెండూ మానేసి చూడు. నాకు అలాగే తగ్గింది" అంది. మానేశాను. పది రోజుల్లో నిజంగానే హాయిగా అనిపించింది.

ఆ హాయి వల్లే ఇరుక్కుపోయాను. మొదట కాఫీ, చపాతీ మాత్రమే పోయాయి. తర్వాత పెరుగు పోయింది, మజ్జిగ పోయింది, నెయ్యి కూడా పోయింది. బొంబాయి రవ్వ గోధుమదే కాబట్టి ఉప్మా పోయింది. సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు సరేసరి. రవ్వదోశెలో మైదా కలుపుతారు, మైసూర్ బజ్జీ అంతా మైదానే, కాబట్టి బయట టిఫిన్ కూడా బంద్. ఒకరోజు ఇంగువ డబ్బా వెనక చదివితే అందులోనూ గోధుమ పిండి ఉందని తెలిసింది. బజారులో దొరికే ఇంగువ పొడుల్లో చాలావాటిలో అలా ఏదో ఒక పిండి కలుపుతారు. ఆ రోజు నుంచి మా పప్పుచారులో ఇంగువ లేదు. పక్క ఊరు వెళ్ళాలన్నా డబ్బాలో అన్నం కట్టుకుని వెళ్ళేదాన్ని.

అన్నిటికంటే కష్టమనిపించింది పెళ్ళిళ్ళలో. బంతిలో పక్కవాళ్ళు తింటుండగా లేవడం మర్యాద కాదు. పెరుగు వడ్డించే అబ్బాయి వస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి కూర్చునేదాన్ని. ఎదురుగా ఉన్న పెద్దావిడ ఎవరో ఒకరు, "అదేంటమ్మా, పెరుగు వేసుకోకపోతే భోజనం చేసినట్టేనా?" అనేవారు. జవాబు చెప్పలేక నవ్వి ఊరుకునేదాన్ని. ఇంట్లో మాత్రం రోజూ రాత్రి మా వారికీ పాపకీ పాలు కాచి తోడుపెట్టేది నేనే. పద్నాలుగు నెలలు తోడుపెట్టాను, ఒక్క చెంచా నోట్లో వేసుకోలేదు.

ఏడాది తిరిగేసరికి యాభై ఎనిమిది కిలోల మనిషిని యాభై ఒకటికి వచ్చాను. మెట్లెక్కితే ఆయాసం. రాత్రిళ్ళు అరికాళ్ళలో చీమలు పాకినట్టు తిమ్మిర్లు. వయసనుకున్నాను. పాప ఊరుకోలేదు. "అమ్మా, నువ్వు తినేవాటి లిస్టు ఒక కాగితం మీద రాయి" అంది. రాస్తే అరపేజీ కూడా నిండలేదు. ఆ కాగితం పట్టుకునే 2024 అక్టోబరులో పొట్ట డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం.

ఆయన కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు. మలంలో రక్తం పడుతోందా? రాత్రి నిద్రలో లేచి వెళ్ళాల్సి వస్తోందా? పాలు తాగినా, గోధుమ తిన్నా ఒంటి మీద దద్దుర్లు రావడం, పెదాలు వాయడం, ఊపిరి అందకపోవడం ఎప్పుడైనా ఉందా? ఇంట్లో ఎవరికైనా సీలియాక్ జబ్బు ఉందా? అన్నిటికీ లేదన్నాను. దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చే రకమైతే అది అలర్జీ అనీ, దాన్ని ఇంట్లో చెంచా చెంచాగా తిని పరీక్షించుకోవడం ప్రమాదమనీ, ఆసుపత్రిలోనే చేయాలనీ చెప్పారు. ఆ తర్వాత అడిగారు: "గోధుమ మానేముందు సీలియాక్ రక్తపరీక్ష చేయించారా అమ్మా?"

చేయించలేదు. అలాంటి పరీక్ష ఉందనే తెలియదు.

ఇదే నేను చేసిన అసలు పొరపాటు. సీలియాక్ ఉన్నవాళ్ళకి గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలితే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదే దాడి చేస్తుంది. ఆ దాడి జాడలనే రక్తంలో వెతుకుతారు. ఆ పరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. గోధుమ మానేస్తే దాడి ఆగుతుంది, నెలలు గడిచేకొద్దీ జాడలూ తగ్గిపోతాయి. అప్పుడు పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా నార్మల్ అని రావచ్చు. కాబట్టి నా విషయంలో దారులు రెండే. ఒకటి జన్యు పరీక్ష. సీలియాక్‌కు సంబంధించిన జన్యువులు లేవని తేలితే ఆ జబ్బు దాదాపు లేనట్టే, కానీ అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రెండోది, మళ్ళీ కొన్ని వారాలు రోజూ గోధుమ తిని అప్పుడు రక్తం ఇవ్వడం. ఈ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో చాలా తక్కువట. "తక్కువంటే లేదని కాదు కదమ్మా, తేల్చుకుందాం" అన్నారు. గోధుమ మళ్ళీ తినాలన్నదే నా కోరిక కూడా కాబట్టి రెండో దారి పట్టాం.

ఆ రోజే తీసిన రక్తంలో హిమోగ్లోబిన్ 10.8 వచ్చింది. బీ12 విటమిన్ అయితే 148. కనీసం 200 దాటాలి. శాకాహారులకు బీ12 దొరికేది దాదాపుగా పాలూ పెరుగుల్లోనే. గుడ్డు కూడా తినని నేను పాలు మానేసి, దాని బదులు ఏమీ తీసుకోలేదు. రాగులు, నువ్వులు తింటున్నాను కదా, కాల్షియం అందుతుందిలే అనుకున్నానే గానీ బీ12 సంగతి ఆలోచించలేదు. అరికాళ్ళ తిమ్మిర్లకు కారణం అదే. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

డాక్టరు గారు పెట్టిన షరతులు మూడు. రెండూ ఒకేసారి మొదలుపెట్టకూడదు, గోధుమ సంగతి తేలేదాకా పాలు ముట్టకూడదు. మిగతా తిండి ఏం మార్చకూడదు. తిన్నది, వేళ, బాధ అన్నీ పుస్తకంలో రాయాలి. పాప తన రఫ్ నోట్సు ఒకటి ఇచ్చింది. ఏం తిన్నాను, ఎంత, ఎన్నింటికి, కడుపు ఎలా ఉంది, నిద్ర పట్టిందా అని గీతలు గీసిపెట్టింది. నెలసరి తేదీ రాయడానికి ఇంకో గడి నేనే కలిపాను. ఆ గడి ఎంత పనికొచ్చిందో తర్వాత చెప్తాను.

అక్టోబరు 28, సోమవారం. దీపావళి వారం. మధ్యాహ్నం పన్నెండున్నరకి పిండి కలిపాను. పద్నాలుగు నెలల తర్వాత నా కోసం కలిపిన పిండి. కొంచెం ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు, పైన తడిగుడ్డ. అరగంట నానాక ఒక్క ఉండ చేసి వత్తి పెనం మీద వేశాను. చిన్న చిన్న బుడగలు లేచాక తిరగేసి, పట్టకారతో మంట మీద పెట్టగానే పొంగింది. ఆ వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెయ్యి రాయలేదు, పాలకు సంబంధించింది ఏదీ కలవకూడదు కాబట్టి. సగానికి చింపి, ఆ సగం బీరకాయ కూరతో తిన్నాను. మిగతా సగం మా వారికి పెట్టాను.

పది నిమిషాల్లో కడుపు పట్టేసినట్టు అయింది. గుండె దడ. ఇక నా పని అయిపోయిందనుకుని మంచం మీద వాలాను. పుస్తకంలో ఒంటి గంటా పదికి "నొప్పి" అని రాశాను. మూడు గంటలకి ఏమీ లేదు. సాయంత్రం, రాత్రి కూడా ఏమీ లేదు. మర్నాడు మళ్ళీ సగం, మళ్ళీ పది నిమిషాలకే పట్టేయడం. మూడో రోజు డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన వేళలు అడిగి, "పది నిమిషాల్లో ఆ పుల్కా మీ కడుపులోనే ఉంటుందమ్మా, పేగుల్లోకి కూడా సరిగా చేరదు. ఉబ్బరం, గ్యాసు పెద్దపేగుదాకా వెళ్ళాక వచ్చేవి, అంటే కొన్ని గంటల తర్వాత. ఇది భయం" అన్నారు. నాకు కోపం రాలేదు. ఆ నొప్పి అబద్ధం కాదు, నేను పడ్డాను. కానీ భయం కూడా పేగుల్ని మెలిపెడుతుందని అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత నుంచి తినగానే మంచం మీద పడుకోవడం మానేసి గిన్నెలు తోముకోవడమో, మేడ మీద బట్టలు తీయడమో పెట్టుకున్నాను. నాలుగో రోజుకి ఆ పట్టేయడం పోయింది.

అలా సగం నుంచి ఒకటికి, నవంబరు 4 నుంచి రోజూ రెండింటికి వచ్చాను. రెండు పుల్కాల్లో నాలుగైదు గ్రాముల గ్లూటెన్ ఉంటుందట, పరీక్షకి అది చాలు. ఆరు వారాలు ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఊరెళ్ళినా పిండి తీసుకెళ్ళాను.

రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారంలో ఒక రాత్రి విపరీతమైన ఉబ్బరం. మళ్ళీ రెండు రోజుల తర్వాత ఇంకోసారి. "ఇంక చాలు, మానెయ్" అన్నారు మా వారు. నాకూ అదే అనిపించింది. కానీ పుస్తకం తీసి చూస్తే పాప ఒకటి పట్టుకుంది. ఉబ్బరం వచ్చిన రెండు రోజులూ పుల్కాల్లోకి బంగాళాదుంప కుర్మా. నేను కుర్మా చేస్తే మూడు ఉల్లిపాయలు, పది వెల్లుల్లి రెబ్బలు పడాల్సిందే. మిగతా రోజులు బీరకాయ, సొరకాయ, పొట్లకాయ. సరే చూద్దామని ఆ వారం ఉల్లి, వెల్లుల్లి లేకుండా అల్లం, జీలకర్రతో అదే బంగాళాదుంప కూర చేశాను. అవే రెండు పుల్కాలు. ఏమీ కాలేదు. నాలుగు రోజులాగి పుల్కాలు మధ్యాహ్నానికి మార్చి, రాత్రి అన్నంలోకి ఉల్లిపాయ పులుసు తిన్నాను. కొంచెం ఉబ్బరం, పెద్దగా కాదు. రెండూ ఒకే పూట కలిస్తేనే బాధ.

డాక్టరు గారి దగ్గరున్న డైటీషియన్ దీన్ని విడమరిచి చెప్పారు. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే ఉండదు, ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు కూడా ఉంటాయి. ఉల్లిలో, వెల్లుల్లిలో ఉండేవీ అవే. మనిషి చిన్నపేగు వాటిని అరిగించలేదు, అవి పెద్దపేగుకు వెళ్ళి అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తాయి, గ్యాసు పుడుతుంది. ఇది అందరికీ జరిగేదే, పేగు సున్నితంగా ఉన్నవాళ్ళకి నొప్పిగా తెలుస్తుంది. ఒక్కొక్కటిగా తిరిగి తినిపించి ఏది ఎంతవరకు పడుతుందో కనిపెట్టే ఈ పద్ధతిని తయారుచేసింది ఆస్ట్రేలియాలో మెల్బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు. ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు. 2018లో వెలువడిన ఒక నార్వే పరిశోధనలో, సీలియాక్ లేకపోయినా గ్లూటెన్ పడదని మానేసిన 59 మందికి, ఏది ఏదో వాళ్ళకి తెలియకుండా మూడు రకాల బార్లు తినిపించారట. ఒకదానిలో గ్లూటెన్, ఒకదానిలో ఫ్రక్టాన్లు, ఒకదానిలో రెండూ లేవు. మొత్తంగా చూస్తే ఎక్కువ బాధ పెట్టింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్లు. అది విని ఇంటికొచ్చి ఇంగువ డబ్బా తీసి పోపులో వేశాను.

బిందెలో నీళ్ళు పోస్తూ ఉంటే ఒకచోట పొర్లుతుంది కదా, నా కడుపూ అలాంటిదే. పుల్కా వల్ల సగం నిండుతుంది, కుర్మా వల్ల పొర్లుతుంది. పద్నాలుగు నెలలు నేను పుల్కా మీదే నింద వేశాను, కుర్మాని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

నెలసరి గడి చెప్పిన సంగతి కూడా ఇక్కడే రాయాలి. నెలసరికి ముందు రెండు రోజులు నేను ఏం తిన్నా ఉబ్బరమే. మూడు నెలలు వరసగా చూసుకున్నాను, తప్పలేదు. ఆ రోజుల్లో కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదని గుర్తు రాసుకున్నాను. ఆడవాళ్ళు ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఆ గడి తప్పకుండా గీసుకోమని చెప్తాను. అది లేకపోతే ఆ రెండు రోజుల నేరం ఆ పూట తిన్న దేని మీదో పడుతుంది.

డిసెంబరు 16న రక్తం ఇచ్చాను. దాంతోపాటు ఐజీఏ అనే రక్షణ ప్రోటీన్ మొత్తం ఎంతుందో కూడా చూశారు, ఒంట్లో అది పుట్టుకతోనే తక్కువున్నవాళ్ళకి టీటీజీ పరీక్ష తప్పు చెప్పొచ్చట. రెండూ నార్మల్. రిపోర్టు చేతిలో పట్టుకుని ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చుని అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ అడిగింది ఒక్కటే: "మరి పెరుగెప్పుడు తింటావే?"

పాల గురించి డాక్టరు గారు చెప్పింది వింటే నాకు బాధే వేసింది. పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విరగ్గొట్టే లాక్టేజ్ అనే ఎంజైము చిన్నపేగు గోడ మీద ఉండే సన్నని నూగులాంటి వేళ్ళ కొసల్లో ఉంటుంది. గట్టిగా విరేచనాలు పట్టుకుంటే ఆ కొసలు దెబ్బతింటాయి, కొన్నాళ్ళు పాలు అరగవు. కొసలు మళ్ళీ పెరుగుతాయి. మామూలుగా కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. అంటే 2023 సెప్టెంబరులో నాకు పాలు పడకపోవడం నిజమే, మానడం వల్ల హాయిగా ఉన్నదీ నిజమే. ఆ తర్వాత ఒకసారి తాగి చూసుకుని ఉంటే సరిపోయేది. చూసుకోలేదు. ఏడాది పైన ఊరికే మానుకున్నాను.

అయినా పూర్తిగా అరుగుతాయని కూడా అనుకోవద్దన్నారు. పెద్దయ్యాక లాక్టేజ్ తగ్గడం జబ్బు కాదు, ప్రపంచంలో పెద్దవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి అంతే. అలాంటివాళ్ళలో కూడా చాలామందికి ఒక విడతలో పన్నెండు గ్రాముల లాక్టోజ్ దాకా, అంటే సుమారు ఒక గ్లాసు పాల దాకా, పెద్ద ఇబ్బంది ఉండదు. వంద మిల్లీలీటర్ల పాలలో ఐదు గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గేదె పాలు పడకపోతే ఆవు పాలు పడతాయని నాకు ఎంతోమంది చెప్పారు గానీ లాక్టోజ్ రెండింటిలోనూ దాదాపు ఒకటే. గేదె పాలలో వెన్న ఎక్కువ, అందుకని బరువుగా అనిపిస్తాయి, అంతే.

జనవరి 6న మొదలుపెట్టాను. రోజూ రెండు పుల్కాలు అలాగే ఉన్నాయి, మిగతా తిండి అలాగే. మొదటి రోజు 60 మిల్లీలీటర్లు, పాప మందు సీసా మూతతో కొలిచి ఇచ్చింది. ఏమీ లేదు. రెండో రోజు 120. ఏమీ లేదు. మూడో రోజు 240, పొద్దున్నే పరగడుపున. రెండు గంటలకి గుడగుడ మొదలై, ఒకసారి పల్చగా అయింది. భయపడలేదు. పుల్కాలప్పుడు పది నిమిషాలకే వచ్చిన నొప్పికీ, రెండు గంటలకి వచ్చిన దీనికీ తేడా నాకు ఇప్పుడు తెలుసు. ఇది నిజంగా పాల పనే.

సంక్రాంతికి పామర్రు దగ్గర మా పుట్టింటికి వెళ్ళాం. అమ్మకి ఇంకా ఒక గేదె ఉంది. పెరుగు సంగతి డైటీషియన్ ముందే చెప్పారు. తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్‌ని ఆ బాక్టీరియానే తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడానికి కూడా మన పేగుల్లోకి వెళ్ళాక ఆ బాక్టీరియాలోని ఎంజైమే సాయపడుతుంది. కాబట్టి పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. అమ్మకి ఈ మాట చెప్తే, "అది నాకెప్పుడో తెలుసు, మా నాయనమ్మ విరేచనాలవాళ్ళకి మజ్జిగే ఇచ్చేది" అంది.

భోగి ముందురోజు రాత్రి అమ్మ తోడుపెడుతుంటే పక్కనే కూర్చున్నాను. కాచిన పాలు చల్లారాక చిటికెన వేలు ముంచి చూసింది. వేలికి కాలకూడదు, చల్లగానూ ఉండకూడదు. పాత పెరుగు అరచెంచా గిన్నె అడుగున రాసి, పాలు పైనుంచి ధారగా పోసి, పైకీ కిందకీ రెండుసార్లు తిరగపోసింది. చలికాలమని పాత దుప్పటి ముక్క చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. ఇవన్నీ నాకు తెలిసినవే, నేనూ రోజూ చేసేవే. ఆ రాత్రి మాత్రం ఆ పెరుగు నాకోసం.

పొద్దున చూస్తే పైన అర అంగుళం మీగడ. మధ్యాహ్నం భోజనాల్లో చివర అమ్మ నా కంచంలో రెండు గరిటెల అన్నం వేసి, పక్కన మాగాయ ముక్క పెట్టి, పెరుగు గిన్నె పట్టుకుని నిలబడింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఒక గరిటె వేసింది. కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద చల్లగా, కొంచెం తియ్యగా, వెనకనుంచి మాగాయ పులుపు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నేను తలెత్తలేదు, ఎత్తితే ఏడుస్తానని తెలుసు. సాయంత్రం నాలుగింటికి, ఆరింటికి, తొమ్మిదింటికి అమ్మ వచ్చి, "ఎలా ఉందే?" అని అడుగుతూనే ఉంది. ఏమీ లేదు. పుస్తకంలో మూడుసార్లు రాశాను: ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు.

ఆ ధీమాతోనే ఫిబ్రవరిలో దెబ్బ తిన్నాను. ఒక గృహప్రవేశంలో పాలకోవా పెట్టారు. పాలు పడుతున్నాయి, పెరుగు పడుతోంది, కోవా ఎందుకు పడదని రెండు బిళ్ళలు తిన్నాను. ఆ రాత్రంతా కడుపులో వరద. తెల్లారాక లెక్క వేశాను. కిలో కోవాకి సుమారు ఐదు లీటర్ల పాలు మరగాలి. మరిగితే పోయేది నీళ్ళే, లాక్టోజ్ అంతా కోవాలోనే ఉంటుంది. నేను తిన్న రెండు బిళ్ళల్లో, కలిపిన చక్కెర పోగా, మూడొందల మిల్లీలీటర్ల పాల లాక్టోజ్ ఉండుంటుంది. అదే పనీరు అయితే విరిగిన నీళ్ళతో చాలావరకు లాక్టోజ్ పోతుంది. నెయ్యిలో దాదాపు ఉండదు. పద్నాలుగు నెలలు నెయ్యి మానాల్సిన పనే లేదు నాకు. పాల వస్తువులన్నీ ఒక్కటే అనుకోవడం తప్పు. వెన్న తీశారా, విరగ్గొట్టారా, తోడుపెట్టారా, మరగబెట్టారా అన్నది చూడాలి.

ఇప్పుడు నా రోజు ఇలా ఉంది. పొద్దున ఇడ్లీ తిన్నాకే కాఫీ, పరగడుపున కాదు. సాయంత్రం ఇంకో కాఫీ. రెండూ కలిపి ఒక గ్లాసు పాలు దాటవు. మధ్యాహ్నం పెరుగు, రాత్రి రెండు పుల్కాలు, నెయ్యి రాసి. పుల్కాల్లోకి ఉల్లి లేని కూర. కోవా ముక్క తినాలనిపిస్తే సగం, అదీ భోజనం చివర. బయటికెళ్తే ఉప్మా తింటున్నాను. డబ్బా మోయడం మానేశాను. బీ12 మొన్న 410 వచ్చింది, తిమ్మిర్లు తొంభై శాతం పోయాయి, బరువు యాభై నాలుగు.

నాకు మొదట ఫోన్ చేసిన ఆ వదిన ఇంకా రెండూ మానేసే ఉంది, నాలుగేళ్ళుగా. ఆవిడ మంచి కోరే చెప్పింది, ఆవిడ మీద నాకు కోపం లేదు. నా రిపోర్టులన్నీ తీసుకెళ్ళి చూపించాను. వెంటనే ఒప్పుకోలేదు. కానీ పోయిన వారం తనే ఫోన్ చేసి ఆ రక్తపరీక్ష పేరు ఏమిటో మళ్ళీ చెప్పమంది. ముందు డాక్టరుని కలవమనీ, ఆయన చెప్పకుండా ఏదీ మొదలుపెట్టొద్దనీ చెప్పాను. పాప నోట్సులో గీసిన గడుల్ని ఫోటో తీసి పంపాను.

నా పుస్తకంలో ఇంకా కొట్టేయనిది ఒక్కటే ఉంది: బొబ్బట్లు. మైదా, శనగపప్పు, నెయ్యి మూడూ ఒకేదానిలో. శనగపప్పు కూడా గ్యాసు చేసేదే, కాబట్టి ఒక్కటే తింటాను, ఆ పూట ఉల్లి ముట్టను. పోయిన ఉగాదికి అమ్మ అందరికీ బొబ్బట్లు చేసి, నా ఒక్కదానికోసం మళ్ళీ పొయ్యి వెలిగించి, బియ్యం మినప్పిండితో పూర్ణాలు వేసింది. ఈసారి, అంటే 2025లో, ఉగాది మార్చి 30న. ఇంకా పదకొండు రోజులుంది. నిన్న రాత్రే ఫోన్ చేసి చెప్పాను, నాకు విడిగా ఏమీ చేయొద్దని.